నా కోడీ, నా కుంపటీ

బెంగళూరులో చలికాలం వచ్చిందని తెలుసుకోవడానికి నాకు వాతావరణ శాఖతో పని లేదు. ఇక్కడివాళ్లు అవరెకాయ అనే అనపకాయలు బండ్ల మీద గుట్టలు పడతాయి. బీరువాల్లోంచి కోతి టోపీలు బయటికి వస్తాయి. మా ఎదురింటాయన తన కోళ్ల గూడు వైపు ఆందోళనగా చూస్తూ అరచేతులు రుద్దుకుంటాడు. మొదటి రెండింటివల్ల ఇంతవరకూ ఎవరికీ హాని జరగలేదు.

ఎదురింటాయన మీకు తెలియనివాడేమీ కాడు. మాకు రామమూర్తి నగర్‌లో ఉన్నాడు, మీకు మీ వీధిలోనే ఉంటాడు. తెలుగువాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, మూడేళ్లు మిన్నెసోటాలో ఉండి వచ్చాడు. అక్కడ ఆయన కోళ్లను పెంచలేదు. పెంచేవాళ్లను కిటికీ అద్దంలోంచి చూశాడు. ఆ అనుభవం చాలునని కిందటేడాది ఆషాఢంలో నాలుగు గిరిరాజ పెట్టలను తెచ్చి పెరట్లో దింపాడు. గిరిరాజ అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన జాతి. అంటే ఈ ఊళ్లో ఆయన నిన్న మొన్న దిగిన అద్దెదారు, ఆ కోళ్లు స్థానికులు. ఎవరికి చలి పెడుతుందో ఎవరు ఎవరికి చెప్పాలి?

మొదటి చలికాలం సాఫీగా గడిచింది. లేత పెట్టలు తొలి ఏడాది చలికాలంలో కూడా మామూలుగా గుడ్లు పెడుతూనే ఉంటాయి. ఆ ఘనతను ఆయన తన ఖాతాలో వేసుకున్నాడు. కంప్యూటర్‌లో ఒక పట్టిక తయారుచేసి, ఏ పెట్ట ఏ రోజు ఎన్ని గ్రాముల గుడ్డు పెట్టిందో రాసుకున్నాడు. ఈ ఏడు కార్తీకం దాటేసరికి పట్టికలో సున్నాలు మొదలయ్యాయి. గూట్లో ఈకలు రాలాయి. ఆయన కంగారుపడి మూడు రోజులు చదివాడు. ఏం చదివాడో మనకు తెలియదు గాని, ఏం కొన్నాడో వీధి మొత్తం చూసింది.

స్వెట్టర్లు. కోళ్లకు. నాలుగు.

డిసెంబరులో ఒక ఆదివారం, ఉదయం ఏడు గంటలు, బయట 16 డిగ్రీలు. భర్త పెట్టను పట్టుకున్నాడు, భార్య గుండీలు పెట్టింది. ఎర్ర ఉన్ని మీద తెల్ల గళ్లు, రెక్కలకు రెండు కంతలు. మొదటి పెట్ట కింద పెట్టగానే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. తనను ఎవరో ముందునుంచి నెడుతున్నట్టు, పది పన్నెండు అడుగులు అలాగే వెనక్కి నడిచి తులసికోటకు గుద్దుకుని ఆగింది. రెండోది పక్కకు ఒరిగి, కాళ్లు బిగదీసుకుని, ఇక ఈ జన్మకు సెలవు అన్నట్టు పడుకుంది. మూడోది కాస్త ధైర్యవంతురాలు. లేచి నిలబడింది. కానీ ఎదురుగా ఎర్ర గళ్ల ప్రాణి ఒకటి కనిపించేసరికి అది తనతో ఏడాదిన్నరగా ఒకే కర్ర మీద నిద్రపోయిన నాలుగో పెట్ట అని పోల్చుకోలేక నెత్తిన పొడిచింది. నాలుగోది గోడెక్కింది. గోడ మీదినుంచి కరివేపాకు చెట్టు మీదికి దూకబోయి, ఉన్నిపోగు కొమ్మకు చిక్కుకుని, ఉట్టిలా వేలాడింది. ఎదురింటాయన దాన్ని విడిపించే ముందు ఫోనులో నాలుగు వైపులనుంచీ వీడియో తీశాడు. “అలవాటు పడుతున్నాయి” అని నాకు గోడ మీదుగా చెప్పాడు.

ఇదంతా ఆయన తల్లి మెట్ల మీద కూర్చుని, పితికిపప్పు కోసం నానబెట్టిన గింజలు పితుకుతూ చూస్తోంది. ఆవిడది మదనపల్లె దగ్గర పల్లె. అక్కడి చలి ఇక్కడి చలికి తీసిపోయేది కాదు. నలభై ఏళ్లు కోళ్లను సాకిన మనిషి. “నాయనా, దానికి దేవుడు దుప్పటి కప్పే పంపినాడు కదా” అంది.

“అమ్మా, నీకు తెలియదు. ఇది సైన్సు.”

సైన్సే అయితే చెప్పుకుందాం. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు, అంటే మనకైతే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన జ్వరం. చలివేస్తే అది ఈకలు ఉబ్బించుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతుంది. ఆ గాలే దాని కంబళి. పైన స్వెట్టరు బిగిస్తే ఈకలు అణిగిపోతాయి, ఉన్న కంబళి పోతుంది. బెంగళూరు చరిత్రలో నమోదైన అతి పెద్ద చలి 1884 జనవరిలో, 7.8 డిగ్రీలు. ఆ రాత్రి కూడా ఈ ఊరి కోళ్లు ముక్కు రెక్కలో దూర్చుకుని హాయిగా పడుకునే ఉంటాయి. సున్నాకు దిగువన ముప్ఫై డిగ్రీలకు పడిపోయే దేశాల్లో కోడి నెత్తిమీది జుట్టు, అంటే ఆ ఎర్ర తురాయి, మంచుకు నల్లబడి ఊడిపోతుంది, నిజమే. అందుకే కెనడాలోని క్విబెక్‌లో శాంటెక్లేర్ అని, జుట్టు దాదాపు లేని జాతినే పెంచుకున్నారు. మా ఎదురింటాయన మాత్రం రామమూర్తి నగర్‌లో ప్రతి రాత్రీ నాలుగు జుట్లకూ వేసలీను రాశాడు. తన మడమలు పగిలి ఉన్నాయి, వాటికి రాసుకోలేదు.

ఇక గుడ్ల విషయం. గుడ్లు ఆగింది చలికి కాదు. పెట్ట నిండుగా గుడ్లు పెట్టాలంటే దానికి పొడవైన పగలు కావాలి, పద్నాలుగు పదహారు గంటల వెలుతురు. డిసెంబరులో బెంగళూరు పగలు 11 గంటల పైచిలుకు. దానికి తోడు రెండో ఏడు వచ్చేసరికి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే పని పడుతుంది. ఈక అంటే చాలావరకు మాంసకృత్తే. తిన్న దాణా అంతా ఒంటిమీది బట్టకే సరిపోతుంటే గుడ్డుకు మిగిలేదేమిటి? రెండు మూడు నెలలు దాన్ని దాని మానాన వదిలేసి, దాణా కాస్త మంచిది వేస్తే చాలు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్లను లోకం ఎప్పటినుంచో ఎరుగును. ఈకలు రాలుతున్న కోడి కింద గుడ్డు కోసం తడిమేవాణ్ణి నేను ఇప్పుడే చూస్తున్నాను. పట్టికలో ఆ నాలుగు పెట్టలకు ఎర్ర రంగు వేసి, ‘పనితీరు ఆశించిన స్థాయిలో లేదు’ అని రాశాడట. వాళ్ల ఆఫీసులో ఆయనకు ఎవరో ఇదే మాట రాసి ఉంటారు, పాపం.

స్వెట్టర్ల తర్వాత 250 వాట్ల ఎర్ర బల్బు వచ్చింది. రాత్రంతా వెలిగేది. కింద ఎండిన ఊక, పైన కాలే బల్బు, మధ్యలో రెక్కలు కొట్టుకునే ప్రాణులు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మనందరికీ తెలుసు. ఆ ముసలమ్మ కూడా కోడిని ఒకచోట, కుంపటిని ఒకచోట పెట్టింది. ఈయన రెంటినీ ఒకే గూట్లో పెట్టాడు. కొక్కెర తెగులుకు టీకా వేయించావా నాయనా అని నేను అడిగితే, “మందులు సహజం కాదు సార్” అన్నాడు. స్వెట్టరు సహజం.

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఆ తర్వాత టార్పాలిన్ వచ్చింది.

గూటికి నాలుగు వైపులా, పైకప్పు కింది సందుతో సహా, నీలం టార్పాలిన్ కట్టి తాళ్లు బిగించాడు. గాలి దూరకూడదట. ఆ సందు ఉన్నదే గాలి కోసం. కోళ్లు రాత్రంతా వదిలే ఊపిరి తేమ, రెట్టల తడి, ఆ తడిలోంచి లేచే అమ్మోనియా పైనుంచి పోవడానికి దారి అది. అది మూస్తే ఆ ఘాటు కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పడుకునే కర్ర ఎత్తున ఈదురుగాలి తగలకుండా ఒక గోనెపట్టా, పైన సందు, కింద పొడి ఊక, సాయంత్రం పిడికెడు గింజలు. ఇంతకు మించి ఈ ఊరి చలికి ఏ కోడికీ ఏమీ అక్కర్లేదు. మెట్ల మీది పెద్దమ్మ ఇది మూడుసార్లు చెప్పింది. నేను రెండుసార్లు చెప్పాను. వారం తిరిగేసరికి మూడో పెట్ట, ఆ ధైర్యవంతురాలు, నోరు తెరిచి గురగురమంటూ మూలకు చేరింది. ఆయన చూసి, చలి సోకిందని రెండో టార్పాలిన్ కప్పాడు.

మర్నాటి ఉదయం ఆ గూటి తలుపు తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అది ఘాటుకో మరెందుకో చెప్పను. “చలికి తట్టుకోలేకపోయింది” అన్నాడాయన. చలి కాదయ్యా! 16 డిగ్రీల చలికి కోడి చావదు. నువ్వు చంపావు. మూడు రోజులు చదివినవాడివి, మెట్ల మీద కూర్చున్న తల్లి మాట మూడు నిమిషాలు వినలేదు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పి ఉంటే వినేవాడివి. నీ పట్టికలో ఆ గడి ఏ రంగుతో నింపుతావో నింపుకో.

ఈ మాటలు అక్కడ అనలేకపోయాను. ఎదురిల్లు, రోజూ మొహాలు చూసుకోవాలి. అందుకే ఇక్కడ అంటున్నాను.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ కత్తిపీటతో టార్పాలిన్ తాళ్లు కోసింది. రెండు రోజులాగి మిగిలిన మూడింటినీ గంపలో పెట్టి, పైన పాతచీర కట్టి, మదనపల్లె బస్సెక్కింది. కండక్టరు కోళ్లకు అర టికెట్టు కొట్టాడట, కిక్కురుమనకుండా ఇచ్చిందట. ఎదురింటాయన రోజూ సాయంత్రం తల్లికి ఫోను చేస్తున్నాడు. మేడ మీదినుంచి మాటలు వినిపిస్తాయి. “గుడ్లు పెట్టాయా అమ్మా?” అని అడుగుతాడు. అటువైపు జవాబు వినపడదు గాని, ఆయన మొహం చూస్తే తెలుస్తుంది. నిన్న మాత్రం ఇంకో ప్రశ్న అడిగాడు, వాటికి అక్కడ స్వెట్టర్లు పంపమంటావా అని.

ఫోను అటువైపునుంచే కట్టయింది.