మా ఇంటి మడత మంచానికి ఒక బహిరంగ లేఖ

చిరంజీవి మడత మంచానికి,

బెంగళూరు మారతహళ్లి రెండో అంతస్తు వంటింట్లోంచి నీ యజమానురాలు ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. నా సంగతి సరే, నీ నడుము మాత్రం కుశలం కాదు. దసరాకి దిగిన పెద్ద మామయ్యగారి ఆకారం నీ నవారులో ఇంకా అచ్చుగుద్దినట్టు ఉంది. ఆయన్ని రైలెక్కించి వచ్చి నిన్ను మడవబోతే నీ కొక్కెం నా చూపుడు వేలు కరిచింది. కోపం నా మీద కాదని తెలుసులే.

పర్యాటకం వల్ల ఎంతోమందికి ఉపాధి అంటారు. నిజమే, నీకు దొరికింది కదా! ఊరికొచ్చే టూరిస్టుల లెక్క హోటళ్ల రిజిస్టర్లలో ఉంటుంది. గుంటూరులో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, యశ్వంతపూర్‌లో దిగి, ఆటో అతనితో తెలుగులోనే బేరమాడి, తిన్నగా వచ్చి నీ మీద వాలేవాళ్లు ఏ రిజిస్టర్‌కీ ఎక్కరు. నాకైతే గోంగూర పచ్చడో, సున్నుండలో ముడతాయి. నీకు అదీ లేదు.

విధాన సౌధ చూపించడానికి తీసుకెళ్తే మామయ్యగారు గేటు బయట నిలబడి, పైన చెక్కిన కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదివారు. ‘సర్కారద కెలస దేవర కెలస’. సర్కారు పని దేవుడి పని అన్నమాట. రిటైరైన గుమాస్తా కదా, కళ్లు చెమర్చాయి. నాకు వేరే లెక్క తట్టింది. అతిథి దేవుడైతే, దేవుడి పని సర్కారు పనైతే, నువ్వూ నేనూ చేసేది సర్కారు ఉద్యోగమే. మరి మన డీఏ ఏదీ?

లాభాలు లేవనను. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ లాల్‌బాగ్ చూసింది చుట్టాల పుణ్యానే. అక్కడి బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. మా అత్తయ్య దాని మీద చతికిలబడి పులిహోర పొట్లం విప్పింది. విస్తరాకులు ఏరుకొచ్చే పని నాది. నీళ్ల సంగతి ఎత్తితే మాత్రం ఏడుపొస్తుంది. 2024 మార్చిలో తాగునీళ్లతో కారు కడిగితే 5 వేలు జరిమానా అని జలమండలి ప్రకటించిన వారంలోనే మా ఇంటికి ఆరుగురు వచ్చారు. ట్యాంకర్ కోసం కింద బకెట్లతో నేను నిలబడితే, పైన బాత్‌రూమ్‌లో అన్నమయ్య కీర్తన రెండో చరణంలో ఉంది.

తర్వాత మైసూరు. 2023లో కొత్త ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది కదా, రివ్వున పోవచ్చు. మామయ్యగారు ఒప్పుకోలేదు. "చన్నపట్నం బొమ్మలు కొనకుండా ఎలాగమ్మా" అని పాత రోడ్డు పట్టించారు. బొమ్మల కొట్టులో ఒక లక్క గిలక తీసుకుని, తిరగేసి, గోటితో గీకి, వాసన చూసి, "ఇది మన ఏటికొప్పాక అంకుడు కర్రేనే!" అన్నారు. నిజంగానే అదే కర్ర. కొట్టతను ముఖం చేటంత చేసుకుని మరో నాలుగు గిలకలు ముందుంచాడు. ఆ పూట కొట్లో ఉన్నది మేమే. ఇదివరకు మైసూరు బండ్లన్నీ అక్కడే ఆగేవట. ఇప్పుడు ఊరి పక్క నుంచే పోతున్నాయి. టూరిస్టు డబ్బు బండి ఆగిన చోటే దిగుతుంది మరి. బండి పోతే ఊరికి మిగిలేది హారన్ మోతే. చుట్టాలంటే చిరాకు పడే నేను, ఆ ఒక్క పూటా మామయ్యగారి మొండితనానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఎనిమిది వందల రూపాయలు పెట్టి బొమ్మలు కొన్నారు. బేరమాడలేదు!

బెంగళూరు దగ్గరి నంది హిల్స్ గురించి ఒక్క ముక్కలో చెప్తాను. సూర్యోదయం కోసం తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్లి, కొండ కింద ముందు కారు వెనక లైట్లు చూసి వచ్చాం. అవీ ఎర్రగానే ఉన్నాయి.

ఒళ్లు మండి, ఊటీలో లాగా మనింటికీ ఈ-పాస్ పెడదామని మావారితో అన్నాను. 2025 వేసవిలో అక్కడికి రోజుకు 6 వేల బండ్లే, శని ఆదివారాల్లో 8 వేలే అని మద్రాసు హైకోర్టు కట్టడి పెట్టింది కదా. "మరి ఇక్కడ పాస్‌లిచ్చే కలెక్టరెవరు?" అన్నారాయన. అత్తగారి గది వైపు చూసి ఊరుకున్నాను.

ఊటీ అంటే గుర్తొచ్చింది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు మేమూ పాస్ తీసుకుని వెళ్లాం. పార్కింగ్ దొరక్క ఎవరిదో ఇంటి గేటుకి అడ్డంగా కారు పెట్టి టీ తాగొచ్చాం. తిరిగొచ్చేసరికి లోపల ఒక పెద్దావిడ, చేతిలో ఖాళీ నీళ్ల బిందెతో, గేటు తెరుచుకోక నిలబడి ఉంది. తిట్టలేదు. ఊరికే చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ట్యాంకర్ దగ్గర నిలబడినప్పుడు నా ముఖంలో ఉండేది అదే.

సరే, ఇంతకీ రాసిన పని. సంక్రాంతికి మేం అరకు వెళ్తున్నాం. మధ్యలో నాలుగు రాత్రులు విశాఖలో మా చిన్నాన్నగారింట్లో మకాం. హోటల్ దండగ కదా. వాళ్లింట్లోనూ నీలాంటిదే ఒకటుందట, కాలు కొంచెం కుంటిదట. నీకు దూరపు చుట్టమయ్యుంటుంది. మావారు తొంభై రెండు కిలోలని దానికి కాస్త ముందుగా కబురు పెట్టు.

ఇట్లు,
నీ యజమానురాలు

తా.క.: వచ్చే ఆదివారం ఒంగోలు వాళ్లు వస్తున్నారు. కొక్కేనికి కొబ్బరినూనె రాస్తాను, ఈసారి కరవకు.