తండా పిల్లలకు తండా అక్కే చెప్పాలి

వరంగల్‌లో డిగ్రీ, పీజీ చదివే పిల్లలు సెలవుల్లో సొంతూళ్ళలో పాఠాలు చెబుతున్నారని మీ పత్రికలో రాశారు. చదివి చాలా సంతోషమేసింది. నేను మహబూబాబాద్ వైపు ఒక తండా బడిలో టీచర్‌ని. మా దగ్గర నాలుగో తరగతి పిల్లలు 42 లోంచి 17 తీసేయమంటే 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచి రెండు తీసేస్తారు! తెలుగులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. పీజీ చదువుతున్న తండా అమ్మాయి పది రూపాయల నోటుకు చిల్లర మార్చి చూపిస్తూ వాళ్ళ ఇంటి భాష లంబాడీలో చెప్పింది. టక్కున పట్టేశారు.

కాలేజీ పిల్లలు ఊళ్ళకొచ్చి సేవ చేసే ఎన్ఎస్ఎస్ ప్రత్యేక శిబిరం వారం రోజులే. మంచిదే, కాదనను. కానీ ఊరి బిడ్డయితే ప్రతి పండక్కీ వస్తుంది, పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తుంది, వాళ్ళమ్మతో కూడా మాట్లాడుతుంది.

ఈ విద్యార్థులకు నాదొక విన్నపం. పాఠాలతో ఆపకండి. ఎనిమిదో తరగతి పిల్లలతో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మా తండాలో దాదాపు అందరూ అర్హులే, తెలిసినవాళ్ళే తక్కువ. కూలికి పోయే తల్లిదండ్రులకు ఆదాయం, కులం సర్టిఫికెట్ల కోసం మీసేవ చుట్టూ తిరగడమే పెద్ద టెన్షన్. మీరు ఒక్కరోజు వెంట వెళ్ళండి చాలు. పదో తరగతి వాళ్ళకు, పది కాగానే ఇంజనీరింగ్ చదువుకు చేర్చుకునే బాసర ట్రిపుల్ ఐటీ గురించి కూడా చెప్పండి.