అలియాస్ అంటే టైపింగ్ తగ్గించే చిట్కా మాత్రమేనా?

హైదరాబాద్ అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) నేర్చుకున్నవాళ్లకు ఒరాకిల్ డేటాబేస్ శాంపిల్ టేబుళ్లు ఎంప్, డెప్ట్ బాగా తెలుసు. ఎంప్‌లో 14 మంది ఉద్యోగులు, డెప్ట్‌లో 4 డిపార్ట్‌మెంట్లు. టేబుళ్లను కలిపే జాయిన్‌ల పాఠం రాగానే, టేబుల్ పేరు ప్రతిసారీ రాయకుండా అలియాస్, అంటే దానికి పెట్టుకునే మారుపేరు, ఒక్క అక్షరంతో పని కానివ్వొచ్చని చెప్తారు. అలియాస్ గురించి చాలామంది ఉద్యోగంలోకి తీసుకెళ్లేది ఆ ఒక్క మాటే. అది సగం పాఠం కూడా కాదని నా అభిప్రాయం. ఏ కాలమ్ ఏ టేబుల్‌దో డేటాబేస్‌కీ, రేపు ఆ క్వెరీని (డేటాబేస్‌కి రాసిన ఆదేశాన్ని) చదివే మనిషికీ అనుమానం లేకుండా చేయడమే అలియాస్ అసలు పని.

అదే ఎంప్ టేబుల్‌లో ప్రతి ఉద్యోగికీ ఎదురుగా మేనేజర్ నంబర్ ఉంటుంది. ఆ మేనేజర్ కూడా అదే టేబుల్‌లో మరో వరుస. ఉద్యోగి పేరు, మేనేజర్ పేరు పక్కపక్కనే కావాలంటే ఒకే టేబుల్‌ని రెండుసార్లు తీసుకుని సెల్ఫ్ జాయిన్ చేయాలి. ఇక్కడ అలియాస్ లేకుండా పని జరగదు. చాలామంది అలవాటుగా ఏ, బీ అని పెడతారు. జాయిన్ షరతులో ఆ రెండూ తారుమారైతే ఏ ఎర్రరూ రాదు. పైన మేనేజర్ లేని కింగ్ అనే ఉద్యోగిని వదిలేసి ఎలా రాసినా 13 వరుసలే వస్తాయి. లెక్క సరిపోయింది కాబట్టి ఎవరూ అనుమానించరు, కానీ రిపోర్టులో మేనేజర్లు ఉద్యోగులై కూర్చుంటారు. ఏ, బీ బదులు ఉద్యోగి, మేనేజర్ అనే అర్థం వచ్చే పేర్లు పెట్టి ఉంటే, షరతు చదువుతున్నప్పుడే తప్పు కంటపడేది.

ఇంతకంటే ప్రమాదకరమైనది సబ్‌క్వెరీ, అంటే ఒక క్వెరీ లోపల రాసే మరో క్వెరీ. ఆర్డర్స్ టేబుల్‌లో కస్టమర్ ఐడీ అనే కాలమ్ ఉందనుకుందాం. బ్లాక్ చేసిన కస్టమర్ల టేబుల్‌లో అదే సమాచారం ఉత్త ఐడీ అనే పేరుతో ఉంది. బ్లాక్ అయినవాళ్ల ఆర్డర్లు తీసేయాలని డిలీట్ రాసి, లోపలి సబ్‌క్వెరీలో అలవాటు కొద్దీ కస్టమర్ ఐడీ అని సెలెక్ట్ చేశారు. లోపలి టేబుల్‌లో ఆ కాలమే లేదు కాబట్టి ఎర్రర్ వస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాదు. లోపల దొరకని పేరును డేటాబేస్ బయటి క్వెరీలో వెతుకుతుంది. ఆర్డర్స్‌లో దొరుకుతుంది. అప్పుడు ప్రతి ఆర్డర్ కస్టమర్ ఐడీని దానితోనే పోల్చినట్టవుతుంది. బ్లాక్ టేబుల్‌లో ఒక్క వరుస ఉన్నా చాలు, కస్టమర్ ఐడీ ఉన్న ఆర్డర్లన్నీ పోతాయి. ఇది బగ్ కాదు, ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్ చెప్పిన రూలే. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లన్నీ ఇలాగే నడుస్తాయి. లోపలి టేబుల్‌కి ఒక అలియాస్ ఇచ్చి, కాలమ్ ముందు ఆ అలియాస్, చుక్క పెట్టి ఉంటే, అలాంటి కాలమ్ లేదని క్వెరీ అక్కడే ఆగిపోయేది. రెండు అక్షరాలు టైప్ చేయడానికి బద్ధకిస్తే ఎంత నష్టమో చూడండి.

కాలమ్‌లకు పెట్టే అలియాస్‌ల తలనొప్పి వేరు. ఏ కాలమ్‌లు కావాలో చెప్పే సెలెక్ట్‌లో రెండు కాలమ్‌ల మధ్య కామా మర్చిపోతే రెండోది మొదటిదానికి అలియాస్ అయిపోతుంది. జీతం అనే హెడింగ్ కింద ఉద్యోగుల పేర్లు వస్తాయి. కాలమ్ అలియాస్ ముందు ఎప్పుడూ ‘యాజ్’ (AS) అనే పదం రాసే టీమ్‌లో, యాజ్ లేని జంట కనిపించగానే అది తప్పని తెలిసిపోతుంది. టేబుల్ అలియాస్ ముందు మాత్రం యాజ్ వద్దు, ఒరాకిల్ చాలా వెర్షన్లలో దాన్ని ఒప్పుకోదు.

అసలు కాలమ్ పేరునే అలియాస్‌గా వాడటం ఇంకో ఉచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఆర్డర్ తేదీని నెలకు కుదించి, దానికి మళ్లీ ఆర్డర్ తేదీ అనే పేరే పెట్టి, వరుసల్ని గుంపులు చేసే గ్రూప్ బైలో ఆ పేరు రాస్తే అది అసలు తేదీ కాలమ్‌నే తీసుకుంటుంది. నెలకు ఒక వరుస రావాల్సిన చోట ఒకే నెల పేరుతో అనేక వరుసలు వస్తాయి. అదే పేరు వరుసల క్రమం చెప్పే ఆర్డర్ బైలో రాస్తే మాత్రం అలియాస్‌ని తీసుకుంటుంది. నెల అని వేరే పేరు పెడితే ఈ గొడవే ఉండదు.

పొడుగు పేర్లతో క్వెరీ చదవడం కష్టమనేవాళ్ల మాటలోనూ నిజం ఉంది. రెండు టేబుళ్లున్న చిన్న క్వెరీలో ఎంప్‌కి ‘ఈ’, డెప్ట్‌కి ‘డీ’ చక్కగా సరిపోతాయి, టేబుల్ పేరులోని అక్షరమే కాబట్టి గుర్తుంటుంది. టేబుల్‌తో సంబంధం లేకుండా టీ1, టీ2 అంటూ వరుస నంబర్లు వేయడంతోనే నా పేచీ. ఎనిమిది టేబుళ్ల జాయిన్‌లో టీ6 ఏమిటో తెలియాలంటే ప్రతిసారీ టేబుళ్ల పేర్లుండే ఫ్రమ్ దాకా వెనక్కి వెళ్లాలి. రాత్రి ప్రొడక్షన్ ఇష్యూ టెన్షన్‌లో ఉన్నవాళ్లకు అంత టైమ్ ఉండదు.

అందుకే కోడ్ రివ్యూ చేసేవాళ్లు ఒక్క విషయంలో మొహమాటపడకూడదంటాను. డిలీట్‌లో గానీ అప్‌డేట్‌లో గానీ సబ్‌క్వెరీ ఉండి, అందులో ఒక్క కాలమ్ ముందు టేబుల్ అలియాస్ లేకుండా కనిపించినా, ఆ కోడ్‌ని వెనక్కి పంపాలి. రాసింది ఎంత సీనియరైనా సరే.