దొరికేవి చూడొద్దు నాయనా!

చారిత్రక సినిమాలు, నాటకాలు కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్ళంటే నాకు చాలా జాలి. పాపం, వాళ్ళకు దారి చూపే పెద్దదిక్కు లేదు. అందుకే ఎవరినీ అడక్కుండా నేరుగా బాగున్నవి పెట్టుకుని చూసేస్తున్నారు. చూసి "బాగుంది, కథ అర్థమైంది" అని కూడా అంటున్నారు. ఒక కళకు ఇంతకు మించిన అవమానం ఉండదు. ఈ పరిస్థితిని చక్కదిద్దడానికే ఈ నాలుగు మాటలు.

మా మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శుక్రవారం రాత్రి బస్సెక్కి అర్ధరాత్రికి అనంతపురంలో దిగుతాడు. శనివారం పదింటికి లేస్తాడు. మొన్న అట్లాగే లేచి, ఉగ్గాని ప్లేటు ముందర కూర్చుని, ఉన్నట్టుండి అడిగాడు.

"మామా, హిస్టారికల్ డ్రామాలు చూసేది మొదలుపెట్టినా. టర్కీవి అయిపాయ, కొరియావి అయిపాయ. ఎవురికీ తెలీనివి ఏమన్నా ఉంటే చెప్పు."

చేతిలో ఉన్న మిరపకాయ బజ్జీ కింద పెట్టేశాను. ముప్పై ఏళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న కోసం కాచుకుని ఉన్నాను. ఇంట్లో ఎవరూ అడగలేదు. పెళ్ళిళ్ళకు వచ్చిన చుట్టాలు అడగలేదు. ఒకసారి బస్టాండులో ఒకాయన "ఏమప్పా, నాటకాల సంగతులు నీకు బాగా తెలుసంట గదా" అంటే ప్రాణం లేచొచ్చింది. తీరా ఆయనకు కావాల్సింది తిరునాళ్ళకు హార్మోనిస్టు ఫోన్ నంబరు.

సిఫార్సు చేయడం ఒక శాస్త్రం. ఎదుటివాడికి ఏది నచ్చుతుందో ఆలోచించి చెప్పాలని అమాయకులు అనుకుంటారు. కాదు. వాడు ఇంతవరకు ఏం చూశాడో కనుక్కుని "ఓ, అదా..." అనడంతో మొదలుపెట్టాలి. ఆ "అదా"లో దీర్ఘం ఎంత సాగితే మన మాటకు అంత బరువు. లేని రాజ్యానికి లేని రాజును కూర్చోబెట్టి తీసిన రెండు భాగాల సినిమాను వాడు మూడుసార్లు చూశానని, దాంతోనే చరిత్ర మీద ఆసక్తి పుట్టిందని చెప్పాడు. నేను "అదా" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, గొంతులో ఏమన్నా అడ్డం పడిందా అని అడిగింది.

పసివాడు కదా అని మెల్లగానే మొదలుపెట్టాను. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' చూడమన్నాను. రాయలుగా ఎన్టీ రామారావు, తిమ్మరుసుగా గుమ్మడి. రాయల కొడుకు చనిపోవడం, ఆ నింద ముసలి మంత్రి మీద పడటం, కళ్ళు పోగొట్టి ఖైదులో వేయడం, ఇదంతా ఆ కాలంలో గుర్రాల వ్యాపారానికి వచ్చిన పోర్చుగీసువాడు నూనిజ్ రాసిపెట్టిపోయిన కథ. తిమ్మరుసును బంధించిన చోటు ఇదేనని ఇప్పటికీ పెనుకొండలో చూపిస్తారు. మావాడి బస్సు వారం వారం ఆ పెనుకొండ పక్కనుంచే వస్తుంది. ఆ సమయానికి వాడు సీటు వెనక్కి వాల్చుకుని, ఒట్టోమన్ సుల్తాను అంతఃపురంలో ఎవరికి విషం పెడతారా అని ఫోన్‌లో టెన్షన్ పడుతుంటాడు.

"బ్లాక్ అండ్ వైటా మామా?" అంటూనే వాడు మూడు సెకన్లలో ఆ సినిమా ఫోన్‌లో తీసి చూపించాడు. నా ముఖం మాడిపోయింది. మూడు సెకన్లలో దొరికేదాన్ని అరుదైనది అని ఏ నోటితో అంటాం?

ఒక మెట్టు పైకెక్కి, 1947 నాటి 'యోగి వేమన' చెప్పాను. నాగయ్య వేమన. దర్శకుడు కె.వి. రెడ్డి మన తాడిపత్రిలో పుట్టినాయన. రంగస్థలాన్ని ఏలిన బళ్లారి రాఘవ పుట్టింది కూడా ఆ తాడిపత్రిలోనే, 1880లో. డ్రామాలకు ఆ ఊరు ముందునుంచీ పెట్టింది పేరు. ఈ కాలం జనం తాడిపత్రి డ్రామాలంటే వేరేవి అనుకుంటారు, ఆ గొడవ మనకొద్దు. ఈ సినిమాలో కత్తి తిప్పి గెలిచేవాడు ఉండడు, ఉన్నదంతా వదిలేసి పోయేవాడు ఉంటాడు. వేమన సమాధి కదిరి పక్కన కటారుపల్లిలో ఉంది, పోయి చూసిరావచ్చు అన్నాను. మావాడు అది కూడా ఫోన్‌లో తీశాడు. పైగా, "దీనికి సబ్‌టైటిల్స్ కూడా ఉన్నాయి మామా" అన్నాడు. నా పెద్దరికం అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అప్పుడు తీశాను బ్రహ్మాస్త్రం.

"కోలాచలం శ్రీనివాసరావు పేరు విన్నావారా?"

వినలేదు. నా ప్రాణం కుదుటపడింది.

బళ్లారి వకీలు ఆయన. తెలుగులో చారిత్రక నాటకాలకు పితామహుడని పేరు. బళ్లారి అనగానే అది కర్ణాటక కదా అంటారు కొత్తవాళ్ళు. 1882 దాకా అనంతపురానికి విడిగా జిల్లా అన్నదే లేదు, బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1953లో బళ్లారి మైసూరు వైపు పోయింది, దాంతో నాటకాలు రాసినాయన మన లెక్కలోంచి జారిపోయాడు. ఆస్తి పంపకాల్లో అటకమీది ట్రంకుపెట్టెను ఎవరూ పట్టించుకోరు కదా, అట్లాగన్నమాట. విజయనగరం పతనం మీద ఆయన ఒక నాటకం రాశాడు. అందులో పఠాన్ రుస్తుం వేషం రాఘవ కట్టేవాడు. తెల్లదొరల ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నిషేధించారంటే ఇంకా సర్టిఫికెట్ ఎందుకు?

"కథేంటి?"

"విజయనగరం ఓడిపోతుంది. రామరాయల..."

"ఆగాగు మామా, స్పాయిలర్ చెప్పొద్దు!"

1565లో జరిగింది. హంపీలో రాళ్ళు ఇప్పటికీ అట్లాగే పడి ఉన్నాయి. వీడు పోయిన దసరాకు అక్కడికి పోయి ఫోటోలు కూడా దిగొచ్చాడు. రాళ్ళు మొదటినుంచీ అట్లాగే ఉన్నాయనుకున్నాడేమో మరి.

"సరే, యాడుంది ఇది? ఏ ఓటీటీలో?"

"వెతుక్కో," అన్నాను కాలు మీద కాలు వేసుకుని.

వెతికాడు. ఐదు నిమిషాలు. దొరకలేదు. ఉగ్గాని చల్లారిపోయింది. వాడి కళ్ళల్లో నా మీద గౌరవం పొడసూపడం ఈ జన్మకు అదే మొదలు. చూడలేనంత గొప్ప నాటకం తెలిసినవాడు మా ఇంట్లోనే ఉన్నాడా అన్నట్టు చూశాడు.

"ఇప్పుడు ఎవురన్నా ఆడతాండారా మామా?"

ఇది మంచి ప్రశ్న, దీని మీద నాకొక సిద్ధాంతం ఉంది. మన పక్క తిరునాళ్ళలో నాటకమంటే కురుక్షేత్రం, లేదంటే హరిశ్చంద్ర. రాజుల నాటకాలు ఎందుకు వెనకబడ్డాయో పండితులు రకరకాలుగా చెబుతారు. అసలు సంగతి నిద్ర. రాయబారం కథ అందరికీ నోటికొచ్చు. పదింటికి కూర్చుని, పన్నెండింటికి చాప మీద ఒరిగి, కృష్ణుడు హస్తినకు వచ్చేసరికి లేచి పద్యం విని మళ్ళీ పడుకున్నా ఏమీ పోదు. చారిత్రకం అట్లా కాదు. ఒక్క కునుకు తీస్తే గోల్కొండ సుల్తాను ఎవరో బీజాపూరు సుల్తాను ఎవరో తెలియదు. పైగా అహమ్మదునగరం, బీదరు కూడా ఉన్నాయి. నలుగురు సుల్తానులకు నాలుగు గడ్డాలు కావాలి. సామాను బాడుగకిచ్చే ఆయన దగ్గర ఉన్నది ఒకటే గడ్డం.

దీనికంటే పెద్ద చిక్కు వన్స్ మోర్‌తో వస్తుంది. చచ్చిన పాత్ర అయినా జనం వన్స్ మోర్ అంటే లేచి పద్యం మళ్ళీ ఎత్తుకోవడం మన రంగస్థల ధర్మం. బాణం తగిలినవాడు లేవచ్చు, విషం తాగినవాడూ లేవచ్చు. తళ్ళికోట యుద్ధంలో రామరాయల తల తీసేశారు. తల లేనివాడు మోహన రాగంలో ఎట్లా పాడతాడు? హార్మోనిస్టులు కూడా దీనికి ఒప్పుకోలేదని నా అనుమానం.

వేదం వేంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయం' కూడా ఒక మాట చెప్పాను, 1897 నాటిది, అచ్చం రాజులాగే ఉండే చాకలి పేరిగాడు అందులో గద్దె మీద కూర్చుంటాడు. పాత్ర ఎవరైతే వాళ్ళ భాషే మాట్లాడుతుంది. గొప్ప నాటకమే, కానీ కథ ఓరుగల్లుది. మన సీమ కోటాలో రాదు కనుక ముందుకు పోయాను.

ఎందుకంటే అసలైన మెట్టు ఇంకా ఉంది. దొరికేవి ఒక తరగతి. దొరకనివి అంతకంటే మేలు. ఇంకా ఎవరూ తీయనివే అన్నిటికంటే గొప్పవి. వాటిని ఏ మేనల్లుడూ మూడు సెకన్లలో తీసి చూపించలేడు.

గండికోట తీసుకుందాం. మావాడికి గండికోట అంటే పెన్నా లోయ అంచున నిలబడి చేతులు చాపే చోటు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి అక్కడికి పోయి మీర్ జుమ్లాను కలిశాడు. కోటను కొత్తగా గెలిచిన గోల్కొండ సేనాని ఆయన. సినిమావాళ్ళయితే ఆ సీనులో ఏం పెడతారు? ఏనుగులు, నాట్యకత్తెలు, "ఎవరక్కడ!" అంటే ఈటెలతో ఉరికొచ్చే ఇద్దరు భటులు (ఎంత పెద్ద సామ్రాజ్యానికైనా ఇద్దరే). తావెర్నియే చూసింది వేరు. నవాబుగారు బోడి కాళ్ళతో కూర్చుని ఉన్నాడు. కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు. ఒక్కొక్కటి లాగి జవాబు చెబుతున్నాడు, గుమాస్తాలు రాసుకుంటున్నారు.

అదే కోటలో ఇంకో కథ. ఒక ఫ్రెంచివాడికి ఫిరంగులు పోసే పని అప్పజెప్పారు. గుళ్ళలోని రాగి విగ్రహాలు తెచ్చి కరిగించమన్నారు. గండికోట గుడిలోవి మాత్రం ఎన్ని తంటాలు పడినా కరగలేదట. ఆఖరికి ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా దిగలేదు, పని వదిలేశారు. సామాను వచ్చింది, మనుషులు వచ్చారు, సరుకు మాత్రం రాలేదు. మన సీమలో ఇట్లాంటి పథకాలు చూసి చూసి ఉన్నవాళ్ళం, ఈ నాటకాన్ని మనకంటే బాగా ఎవరు ఆడగలరు?

"హీరో ఎవురు మామా?"

"గుమాస్తా."

వాడు బజ్జీ నమలడం ఆపేశాడు.

నేను ఆగలేదు. కోయిలకుంట్లకు పోయాను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అంటే గుర్రం, కత్తి, మీసం గుర్తొస్తాయి అందరికీ. గొడవ రాజుకున్న చోటు ఖజానా కచేరీ. నెలకు 11 రూపాయల చిల్లర తవర్జీ, అంటే పింఛను. అది ఇవ్వకుండా అవమానించారన్న దగ్గర మంట అంటుకుని 1846లో తిరుగుబాటు అయ్యింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు, 1877 దాకా తల కోట మీదే ఉంచారు. ఒక పింఛను లెక్కను తెల్లదొరల ప్రభుత్వం ముప్పై ఏళ్ళు వేలాడదీసింది. లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసు వరండాలో ఒక పూట నిలబడిన ముసలాయన ఎవరైనా ఈ కథకు నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటాడు. టికెట్ అడగండి, కొంటాడు. కానీ తీసేవాళ్ళు నేరుగా గుర్రం దగ్గరికి పోతారు. కచేరీ సెట్ వేయడానికి ఒక బల్ల, నాలుగు కట్టల కాగితాలు చాలు, అదే వాళ్ళకు నచ్చదు.

ఆవేశంలో మధ్యాహ్నం మూడయింది. నాలుగు మెట్లూ వరుసగా రాసి, పక్కన మార్కులు కూడా వేసి, ఒక పెద్ద కాగితం తయారు చేశాను. దొరికేవాటికి రెండు మార్కులు, అచ్చులో మాత్రమే ఉన్నవాటికి ఐదు, ఇంకా తీయనివాటికి పదికి పది. తీసుకుని హాల్లోకి పోయాను.

మావాడు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడిచేతిలో ఫోను, అందులో ఏదో కొరియా రాజు కూతురు ఏడుస్తోంది. ఎడమచేతిలో కాఫీ గ్లాసు.

"ఇదిగోరా, నువ్వు చూడాల్సినవి," అని కాగితం చాచాను.

వాడు తెరమీంచి చూపు తిప్పకుండా, "ఇట్లియ్యి మామా," అని కాలు పైకెత్తి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య అందుకున్నాడు.