షెల్ టూల్‌కి ఒక్క వాక్యం వివరణ సరిపోదు

2025 అక్టోబరులో విశాఖలో ఏఐ హబ్ కోసం అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించిన దగ్గర్నుంచి ఊళ్లో మాటంతా మెగావాట్లు, భూములు, సముద్రపు కేబుళ్ల చుట్టూనే. రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో కోడ్ రాసేవాళ్లకి మాత్రం ఏఐ అంటే ఎక్కువగా ఏజెంట్లే, అంటే భాషా మోడల్‌తో సొంతంగా పనులు చేసే ప్రోగ్రాములే: టెస్టులు నడిపేవి, లాగ్‌లు వెతికేవి, ఫైళ్లు మార్చేవి. ఆ పనుల్లో చాలావాటిని అవి షెల్ టూల్ ద్వారానే, అంటే టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లని మోడల్ తరఫున నడిపే సాధనంతోనే చేస్తాయి. మోడల్ చదవడానికి రాసిన ఆ టూల్ వివరణ చూస్తే చాలాచోట్ల 'షెల్ కమాండ్‌ని నడుపుతుంది' అని ఉంటుంది, అంతే. మోడల్‌కి తెలివి లేదని మనం విసుక్కునే తప్పులు చాలావరకు అక్కడే పుడుతున్నాయి.

మనిషికి టెర్మినల్ కనిపిస్తుంది. ఏ ఫోల్డర్‌లో ఉన్నాడో, కమాండ్ ఆగిపోయిందో చూసి పోల్చుకుంటాడు. ఏజెంట్‌కి దక్కేది టూల్ పేరు, పారామీటర్లు, వివరణ, తిరిగొచ్చిన టెక్స్ట్. రాయనిదాన్ని అది ఊహించుకుంటుంది.

ఉదాహరణకి ఏజెంట్ టూల్‌ని వాడిన ఒక పిలుపులో సీడీ (ఫోల్డర్ మార్చే కమాండ్) కొట్టి, తర్వాతి పిలుపులో టెస్టులు నడిపిందనుకుందాం. ప్రతి పిలుపుకీ కొత్త ప్రాసెస్ మొదలయ్యే టూల్ అయితే ఆ సీడీ అప్పటికే పోయింది. 'ఫైల్ లేదు' అని వస్తుంది. లేదన్నారు కదా అని ఏజెంట్ ఆ ఫైల్‌ని తప్పు ఫోల్డర్‌లో కొత్తగా సృష్టిస్తుంది. డైరెక్టరీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు తర్వాతి పిలుపుకి మిగలవనీ, సీడీనీ అసలు కమాండ్‌నీ && తో కలిపి పంపాలనీ రెండు ముక్కలు రాసి ఉంటే ఈ తంతు జరగదు. కమాండ్లని నడిపేది ఏ షెల్ అన్నది కూడా చెప్పాలి. ఉబుంటు లినక్స్‌లో ఎస్‌హెచ్ అంటే డాష్ అనే చిన్న షెల్. ఎక్కువమంది వాడే బాష్ షెల్‌లో నడిచే జంట చదరపు బ్రాకెట్లు అందులో నడవవు. ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌తో చేసిన కంటైనర్‌లో మామూలుగా బాష్ ఉండదు.

టైమవుట్ (కమాండ్‌కి ఇచ్చే గడువు) దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. విలువ సెకన్లలోనా, మిల్లీసెకన్లలోనా అన్నది పారామీటర్ పేరులోనే ఉండాలి. రెండు నిమిషాలనుకుని 120 ఇస్తే, టూల్ దాన్ని మిల్లీసెకన్లుగా తీసుకుని కమాండ్‌ని మొదట్లోనే చంపేస్తుంది. గడువు దాటితే అప్పటిదాకా వచ్చిన అవుట్‌పుట్ ఇస్తారా? కమాండ్ మొదలుపెట్టిన పిల్ల ప్రాసెస్‌లు కూడా చస్తాయా? షెల్‌ని మాత్రమే చంపితే లోపలి సర్వర్ బతికే ఉండి, మరుసటిసారి 'పోర్ట్ వాడుకలో ఉంది' అంటుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టడానికి చివర & ఒక్కటే పెడితే చాలదు. అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించకపోతే పైప్ (అవుట్‌పుట్ టూల్‌కి చేరే దారి) తెరిచే ఉంటుంది, అది మూసుకునేదాకా చాలా టూళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటాయి. కోడ్ మార్పుల్ని నమోదు చేసే గిట్ కమిట్‌కి మెసేజ్ ఇవ్వకపోతే ఎడిటర్ తెరుస్తుంది, అడ్మిన్ హక్కులతో నడిపే సుడో పాస్‌వర్డ్ అడుగుతుంది; జవాబిచ్చేవాళ్లు లేరని వివరణలో చెప్పాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం ఎగ్జిట్ కోడ్‌లతోనే, అంటే కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకెలతోనే; సున్నా అంటే సఫలం. టెక్స్ట్ వెతికే గ్రెప్‌కి ఏమీ దొరక్కపోతే 1 ఇస్తుంది, అది లోపం కాదు. నిజమైన లోపానికి 2. సున్నా కానిదల్లా 'విఫలం' అని ముద్ర వేసే టూల్ ఏజెంట్‌ని అనవసరంగా తిప్పుతుంది. దీనికి తిరగబడ్డ సమస్య మరీ చెడ్డది: టెస్టులు నడిపే పైటెస్ట్ అవుట్‌పుట్‌ని, చివరి లైన్లు మాత్రమే చూపే టెయిల్‌కి పైప్ చేస్తే వచ్చేది టెయిల్ ఇచ్చిన సున్నా. కింద టెస్టులు విరిగిపోయి ఉన్నా ఏజెంట్ 'అన్నీ పాసయ్యాయి' అని రిపోర్టు ఇవ్వగలదు. పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏ కమాండ్ విఫలమైనా మొత్తం విఫలమనే షెల్ సెట్టింగు) పెట్టి నడుపుతున్నారో లేదో అందుకే రాయాలి. పెడితే, మొదటి లైన్లు మాత్రమే తీసుకునే హెడ్ ముందే పైప్ మూసేసినప్పుడు 141 రావచ్చని కూడా చెప్పాలి.

పొడవాటి అవుట్‌పుట్‌ని ఎక్కడ కోస్తారు? కంపైలర్ అసలు లోపం పైనా, టెస్టుల సారాంశం కిందా ఉంటాయి కాబట్టి రెండు కొసలూ ఉంచి మధ్యలో కోయడం మేలు. ఎన్ని లైన్లు పోయాయో, పూర్తి పాఠం ఏ ఫైల్‌లో ఉందో ఆ చోటే చెప్పాలి. తెలుగుతో పనిచేసేవాళ్లకి ఇక్కడ అదనపు చిక్కు ఉంది. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో మన ప్రతి కోడ్‌పాయింట్‌కీ (అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటీ ఒక కోడ్‌పాయింట్) 3 బైట్లు. 'విశాఖ' అన్న మాటకే 15 బైట్లు. బైట్ల లెక్కన కోస్తే అక్షరం మధ్యలో తెగుతుంది. ఫైల్‌కి ఆ పేరు పెడితే, మారిన ఫైళ్లు చూపే గిట్ స్టేటస్ మామూలుగా దాన్ని \340\260\265తో మొదలయ్యే అంకెల వరసగా చూపిస్తుంది. పేరు పాడైందనుకుని ఏజెంట్ దాన్ని మార్చబోవచ్చు. గిట్‌లో కోర్ డాట్ కోట్‌పాత్ అనే సెట్టింగుని ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది.

సర్వర్ గడియారం యూటీసీలో (మన టైమ్‌కి అయిదున్నర గంటలు వెనక) ఉంటే మన అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా దానికి నిన్నటి తేదీయే. 'ఈ రోజు లాగ్‌లు' వెతకమంటే ఏవి తెస్తుందో ఊహించుకోండి.

'ఫైళ్లు తుడిచెయ్యొద్దు' అని వివరణలో రాస్తే రక్షణ వచ్చేసిందనుకోవడం పొరపాటు. అడ్డుకోవాల్సింది శాండ్‌బాక్స్ (ప్రోగ్రామ్‌ని హద్దుల్లో ఉంచే ఏర్పాటు), యూజర్ అనుమతులు. వివరణ పని ఆ హద్దులు ఎక్కడున్నాయో, దాటబోతే ఏ సందేశం వస్తుందో చెప్పడం. లేదంటే ఏజెంట్ అనుమతి లోపాన్ని మామూలు లోపమనుకుని పక్కదారులు వెతుకుతుంది.

రాశాక కోడ్ చూడని సహోద్యోగికి ఆ వివరణ ఒక్కటే ఇచ్చి, 'స్లీప్ 300 (300 సెకన్లు ఊరికే ఆగే కమాండ్) పంపితే ఏమొస్తుంది?' అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఏజెంట్ కూడా చెప్పలేదు. టైమవుట్ విలువ మార్చిన కమిట్‌లోనే వివరణ కూడా మారాలి. అలా మారని కమిట్‌ని రివ్యూలో ఆపేయండి.