ప్రభావ అంచనా అనుమతి పత్రంతో ముగిసిపోకూడదు

"గనులకు ముందు చేసే పర్యావరణ, సామాజిక ప్రభావ అంచనా వల్ల జాప్యం తప్ప ప్రయోజనం లేదు, దాన్ని కుదించి త్వరగా అనుమతులిస్తే చాలు, నష్టం జరిగితే పరిహారం ఇవ్వవచ్చు, కంపెనీ నియమించిన నిపుణులు చాలు, సాంకేతిక విషయాలు గ్రామస్థులకు ఎలాగూ అర్థం కావు, ఒకసారి ఇచ్చిన అనుమతిని మళ్లీ కదిలించకూడదు" అన్న వాదన విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఈ విధానాన్ని సంస్కరించాలన్న మాట వరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ లోపం ఉన్న చోటును వదిలేసి, పనికొచ్చే భాగాన్నే కోసెయ్యాలని ఈ వాదన అంటోంది.

జాప్యం సంగతి ముందు చూద్దాం. అసలు ఖరీదైన జాప్యం కార్యాలయాల్లో కాదు, ప్రజల సమ్మతి లేకుండా తవ్వకం మొదలయ్యాక వస్తుంది. 300 నుంచి 500 కోట్ల డాలర్ల పెట్టుబడి గల పెద్ద గని స్థానికులతో వివాదం వల్ల ఆగిపోతే వారానికి సుమారు 2 కోట్ల డాలర్లు నష్టపోతుందని 2014లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పపువా న్యూగినీకి చెందిన బూగన్‌విల్ దీవిలోని పాంగునా రాగి గని 1972లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నదిలో కలిపిన వ్యర్థాల మీద, పోయిన భూముల మీద, ఆదాయంలో దక్కని వాటా మీద పెరిగిన ఆగ్రహంతో 1989లో మూతపడి, మళ్లీ తెరుచుకోలేదు.

నష్టం జరిగాక సరిదిద్దుకోవచ్చన్నది ఈ వాదనలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. పైరైటు వంటి గంధక ఖనిజాలు భూగర్భంలో ఉన్నంతకాలం నిలకడగానే ఉంటాయి. తవ్వి గుట్టలుగా పోశాక గాలి, వాన తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, అది రాతిలోని లోహాలను కరిగించుకుని వాగుల్లో చేరుతుంది. ఇది మొదలవడానికి ఏళ్లు పట్టవచ్చు, మొదలయ్యాక శతాబ్దాలపాటు ఆగకపోవచ్చు. దీన్ని ముందే పసిగట్టే పరీక్ష ఉంది: రాతిని నలగ్గొట్టి గొట్టంలో పోసి, పొడిగాలి, తేమగాలి మార్చి మార్చి పంపుతూ, వారానికోసారి కడిగి, ఆ నీటి ఆమ్లతను కొలుస్తారు. దీనికి కనీసం 20 వారాలు కావాలి. గడువు కుదిస్తే మొదట ఎగిరిపోయేది ఇలాంటి పరీక్షే. అమెరికాలోని 25 గనుల విషయంలో ప్రభావ అంచనా నివేదికలు ముందుగా చెప్పిన నీటి నాణ్యతను తర్వాతి వాస్తవంతో పోల్చిన 2006 నాటి అధ్యయనంలో 19 చోట్ల కాలుష్యం ప్రమాణాలు దాటినట్టు తేలింది. అయితే అంచనాలే వ్యర్థం కదా అని అడగవచ్చు. కాదు, వాటిని తర్వాత ఎవరూ సరిచూడకపోవడమే లోపం.

కంపెనీ నియమించిన నిపుణులు చాలన్న మాటకు బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యో పట్టణం దగ్గర జరిగిన ప్రమాదం సమాధానం చెబుతుంది. అక్కడి గని వ్యర్థాల కట్ట స్థిరంగా ఉందని, కంపెనీ డబ్బుతో పనిచేసిన తనిఖీ సంస్థ 2018 సెప్టెంబరులో ధ్రువీకరించింది. 2019 జనవరి 25న మధ్యాహ్నం 12:28కి ఆ కట్ట తెగింది. కార్మికుల క్యాంటీను కట్టకు దిగువనే ఉంది, అది భోజనాల వేళ. 270 మంది చనిపోయారు. నివేదిక రాసే కన్సల్టెంటును ఎంచుకునే అధికారం, ఫీజు చెల్లించే అధికారం కంపెనీ చేతిలో ఉండకూడదు. కంపెనీల నుంచి వసూలు చేసిన నిధితో స్వతంత్ర సంస్థే ఆ పని చేయాలి.

గ్రామస్థులకు అర్థం కాదన్న మాటకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏ బావి ఏ నెలలో అడుగంటుతుందో, ఏ వాగు దారి మార్చిందో ఒక్క ఋతువు కొలతలతో రాసిన నివేదిక కన్నా వాళ్లకే బాగా తెలుసు. నివేదిక వాళ్ల భాషలో లేకపోతే ఆ తప్పు రాసినవాళ్లది.

ఇక ఒకసారి ఇచ్చిన అనుమతిని కదిలించకూడదన్న మాట. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్ గుహలను ధ్వంసం చేయడానికి గనుల కంపెనీ రియో టింటోకు 2013లో అనుమతి దొరికింది. మరుసటి ఏడాది తవ్వకాల్లో అక్కడ 4,000 ఏళ్ల నాటి జడ అల్లిక బయటపడింది. దాని జన్యువులు ఆ నేల మీద ఇప్పటికీ ఉన్న పూటు కుంటి కుర్రమ, పినికూర ప్రజలతో సరిపోలాయి. గుహల్లో 46,000 ఏళ్ల మానవ నివాసపు ఆనవాళ్లు ఉన్నాయి. కొత్తగా తెలిసినదాన్ని బట్టి అనుమతిని పునఃపరిశీలించే వీలు అప్పటి చట్టంలో లేదు. 2020 మేలో గుహలను పేల్చేశారు, అదీ చట్టబద్ధంగానే. కొత్త ఆధారం దొరికినప్పుడు, కొలతలు అంచనా దాటినప్పుడు అనుమతి దానంతటదే మళ్లీ విచారణకు రావాలన్న నిబంధన ప్రతి గని అనుమతి పత్రంలోనూ ఉండాలి, గని మూసివేత పూర్తయ్యేదాకా అది అమల్లో ఉండాలి.