ట్యాపెట్ శబ్దం పోయేదాకా బిగించకండి

"మెకానిక్‌కి డబ్బులు తగలేయకండి, బైక్ హెడ్ పని మీరే ఇంట్లో చేసుకోండి" అన్న మెసేజ్ ఈమధ్య ఏ గ్రూప్ తెరిచినా కనిపిస్తోంది. హెడ్ అంటే ఇంజన్ పైభాగం, వాల్వులుండేది అక్కడే. గాజువాక ఫ్రెండ్స్ పెట్టారు, ఆఫీసువాళ్లు పెట్టారు, ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది. చూసి వదిలేద్దామంటే, అందులో మొదటి సలహానే ఇంజన్‌ని పాడుచేసేది.

"టిక్ టిక్ శబ్దం పోయేదాకా ట్యాపెట్ స్క్రూ బిగించండి" అట. ట్యాపెట్ స్క్రూ అంటే వాల్వ్‌ని నొక్కి తెరిచే రాకర్ అనే చిన్న చేయి చివర ఉండేది, దానికీ వాల్వ్ కాడకీ మధ్య సన్నటి గ్యాప్ ఉండాలి. బిగిస్తే శబ్దం పోతుంది, దాంతోపాటు ఆ గ్యాప్ కూడా పోతుంది. పొగని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని చాలావరకు వదిలించుకునేది సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు కూర్చునే అంచు) మీద ఆనుకుని ఉన్న ఆ కాస్త సేపట్లోనే. ఇంజన్ వేడెక్కి వాల్వ్ కాడ సాగినప్పుడు గ్యాప్ లేకపోతే అది సీటు మీద పూర్తిగా కూర్చోదు, ఆ సందులోంచి మండే గ్యాస్ దూసుకుపోతూ వాల్వ్ అంచుని కాల్చేస్తుంది. పొద్దున్న బాగానే స్టార్టయిన బండి సింహాచలం ఘాట్ ఎక్కి ఆపాక మళ్లీ స్టార్టవ్వక ఏడిపిస్తుంది. చివరికి హెడ్ దించి, కొత్త వాల్వ్ వేసి, సీటు కోయించాల్సిందే. పైగా వాడేకొద్దీ వాల్వ్ సీటులోకి దిగి గ్యాప్ దానంతటదే తగ్గొచ్చు కూడా, కాబట్టి బండి సైలెంట్ అయిందని సంబరపడేవాళ్లే ముందు చెక్ చేయించుకోవాలి. చిన్న ఎయిర్ కూల్డ్ బళ్లలో ఈ గ్యాప్ మామూలుగా 0.05 నుంచి 0.10 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది, మీ బండిది మాన్యువల్లో చూసుకోండి. అంత సన్నటి కొలతని చెవితో చూడమంటున్నాడు ఈ మహానుభావుడు!

"ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే చేయండి" అన్నది కూడా తప్పే. మాన్యువల్లో ఇచ్చే కొలత చల్లటి ఇంజన్‌కి. హోండా మాన్యువల్స్‌లో 35 డిగ్రీల లోపు అని ఉంటుంది. మే నెలలో మన వైజాగ్ ఎండలో నిలబెట్టిన బండి తీయకుండానే అంతకంటే వేడెక్కుతుంది, అందుకే తెల్లారగట్లే మొదలుపెట్టాలి.

స్పార్క్ ప్లగ్ హోల్‌లో కిరోసిన్ పోయమన్నాడు. పోయకండి, పిస్టన్ రింగుల పక్కనుంచి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది.

ట్యాపెట్ కవర్ దగ్గర ఆయిల్ కారితే బోల్టు ఇంకో చుట్టు బిగించాలట. గట్టిపడిపోయిన ఓ-రింగ్ (కవర్ కింది రబ్బరు సీలు) బిగిస్తే మెత్తబడుతుందా? అల్యూమినియంలో థ్రెడ్ పోతుంది, అంతే. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ల బోల్టులు ఉప్పుగాలికి ముందే పట్టేసి ఉంటాయి, వాటితో మరీ జాగ్రత్త.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. "చాలామంది మెకానిక్‌లు ఫీలర్ గేజ్ ముట్టుకోరు, చేత్తో ఊపి చూసి పంపించేస్తారు" అని రాశాడు, అది అక్షరాలా నిజం. ఫీలర్ గేజ్ అంటే గ్యాప్ కొలిచే సన్నటి రేకులు. అందుకే స్క్రూ ట్యాపెట్లున్న బండికి గేజ్ కొనుక్కుని ఇంట్లో చేసుకోవడంలో తప్పేమీ లేదు. ఇంజన్ పక్కనుండే మ్యాగ్నెట్ చక్రం మీద 'టి' గీత (పిస్టన్ పైకొసకి వచ్చిందన్న గుర్తు) కేసు మీది గుర్తుతో కలిసినప్పుడు రెండు రాకర్లూ కొద్దిగా కదలాలి. ఎగ్జాస్ట్ స్ట్రోక్‌లో (పొగ బయటికి పోయే దశలో) ఆగి ఉంటే అలా కదలవు, మ్యాగ్నెట్‌ని ఇంకో చుట్టు తిప్పండి. స్క్రూకీ వాల్వ్‌కీ మధ్య గేజ్ కాస్త పట్టుతో జారాలి. స్క్రూని కదలకుండా పట్టే లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరిగిపోతుంది, బిగించాక తప్పకుండా మళ్లీ కొలవండి.